సముద్రం దాటిన నిచ్చెన

ఏటా మే 21న టర్కీ, జోర్డాన్‌లలోని సర్కాసియన్లు (కాకసస్ పర్వతాల వాయవ్య ప్రాంతం వీరి మాతృభూమి) సంతాప దినం పాటిస్తారు. 1864లో అదే రోజున రష్యా కాకసస్ యుద్ధం ముగిసిందని ప్రకటించింది. లక్షలాది మందిని నల్లసముద్రం మీదుగా ఒట్టోమన్ రాజ్యానికి తరిమేసింది. ఆ దుఃఖానికి తల వంచాల్సిందే. కానీ వారి చరిత్రలో నన్ను పట్టి నిలిపేది అంతకు 68 ఏళ్ల ముందటి ఘట్టం.

సర్కాసియాలో ఖబ్జె అనే అలిఖిత ధర్మం నడిచేది. అతిథి మర్యాద, పెద్దల పట్ల వినయం అందులోనివే. నిచ్చెన మెట్లూ అందులోనివే. పైన రాజులు, వారి కింద దొరలు, తరువాత త్ఫొకొత్ల్ అనే స్వతంత్ర రైతులు, ఆ కింద అర్ధబానిసలు, అట్టడుగున బానిసలు. హత్య జరిగితే కట్టే పరిహారం కూడా చచ్చినవాడి అంతస్తును బట్టే! దొరలకు వ్యాపారం నామోషీ. దాడి చేసి పశువులనో మనుషులనో పట్టుకురావడం మాత్రం ఘనత. తీరంలోని షాప్సుగ్ అనే సర్కాసియన్ తెగ రైతులకు ఆ నామోషీ లేదు. తేనె, తోళ్లు ఇచ్చి ఉప్పు, బట్టలు తెచ్చుకునేవారు. గాదె నిండినవాడు దొర అదలింపును ఎంతకాలం సహిస్తాడు? దొరలను వెళ్లగొట్టారు.

వెళ్లిన దొరలు బ్జెదుగు అనే మరో సర్కాసియన్ తెగ రాజుల పంచన చేరారు. ఆ రాజులు రష్యా రాణి కాథరిన్‌ను ఆశ్రయించి కోసక్కు సైనికులను, ఫిరంగులను తెచ్చుకున్నారు. 1796లో బ్జియుక్ నది దగ్గర రైతులు చిత్తుగా ఓడిపోయారు. అయినా షాప్సుగుల మీద పాత దొరతనం మళ్లీ నిలబడలేదు.

మతం సంగతీ చెప్పాలి. పిడుగు దేవుడు షిబ్లెకు మొక్కుతూ, ఎప్పటి క్రైస్తవమో వదిలిపోయిన శిలువల దగ్గర వనాల్లో పూజలు చేసుకునే జనం వారు. ఇస్లాం క్రిమియా, ఒట్టోమన్ల వైపు నుంచి మెల్లగా వచ్చింది. 1848లో, తూర్పు కాకసస్‌లో రష్యాతో పోరాడుతున్న ఇమామ్ షామిల్ పంపిన ముహమ్మద్ అమీన్ షరియా న్యాయస్థానాలు పెట్టాడు. దొరకూ రైతుకూ ఒకే తీర్పు అన్న మాట చాలామందికి నచ్చింది. పన్నులు, వనాల పూజలపై నిషేధం అంతగా నచ్చలేదు. అక్కడ ఇస్లాం భక్తిగా కన్నా ముందు తక్కెడగా పనికొచ్చిందని నా అభిప్రాయం.

ఇక చేదు నిజం. దొరలను దించిన రైతులు కూడా తమ కింద ఉన్న బానిసలను వదులుకోలేదు. వలస ఓడల్లో బానిసలూ సముద్రం దాటారు. కొత్త నేల మీద వారు స్వేచ్ఛ అడిగితే యజమానులు ఒప్పుకోలేదు. 1860ల చివర్లో ఒట్టోమన్ ప్రభుత్వమే కల్పించుకోవాల్సి వచ్చింది. సంతాప సభల్లో ఈ బానిసల వారసులకూ ఒక మాట దక్కాలి.

మన పత్రికలో ఇదెందుకు అంటారా? సంఘం విందులో కొత్తగా పరిచయమైనవారి ఇంటిపేరు, ఊరు అడిగి మనం దేనికోసం వెదుకుతామో మనకు తెలుసు.