జలుబే కదా అని వదిలేయకండి

పిల్లికూనల జలుబు వారంలో దానంతటదే తగ్గిపోతుందని ఒకరు రాశారు. పెద్ద పిల్లికైతే సరే గానీ, రెండు నెలల కూన విషయంలో అంత ధీమా వద్దండి. మా కూనకు తుమ్ములు మొదలైన మూడో రోజుకే కళ్లు పుసులు కట్టి అతుక్కుపోయాయి. ముక్కు మూసుకుపోతే వాసన తెలియదు, వాసన తెలియకపోతే పిల్లి తిండి ముట్టదు. అసలు ప్రమాదం అక్కడే. గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో కళ్లూ ముక్కూ మెల్లగా తుడిచి, తిండి కాస్త వెచ్చచేసి పెడితే అప్పుడు మూతి పెట్టింది. ఆ రెండు ముద్దలు తినేదాకా నాకు ఒకటే టెన్షన్.

నోరు తెరిచి ఆయాసపడుతుంటే మాత్రం క్షణం ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ చుక్క కూడా వేయొద్దు, పిల్లులకు అది ప్రాణాంతకం.