దిద్దే వీల్లేని నోట్సు

లేపాక్షి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. బెలుం గుహలు నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. జిల్లాలు 2022 ఏప్రిల్ 4న విడిపోయాయి. అయినా అనంతపురం, కర్నూలు, కడప టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పాత నోట్సుల్లో లేపాక్షి ఇంకా అనంతపురంలోనే, బెలుం ఇంకా కర్నూలులోనే ఉంటాయి. టీచర్లకు తెలియక కాదు, ఆ పీడీఎఫ్‌ను దిద్దే దారి లేక. టైపు చేసిన అసలు ఫైలు ఏ డీటీపీ సెంటర్ కంప్యూటర్లోనో ఉండిపోయింది. నకళ్లు ఎన్ని ఫోన్లలో ఉన్నాయో లెక్కే లేదు.

నకళ్ల చిక్కు కడపకు కొత్త కాదు. సి.పి. బ్రౌన్ ఇక్కడ బంగళాలో పండితులను పెట్టుకుని చేయించిన పని ఇదే కదా. ఒక కావ్యానికి దొరికిన ప్రతులన్నీ తెప్పించి, పాఠాలు పోల్చి చూసి, శుద్ధప్రతి రాయించారు. మన నోట్సుకూ ఒక శుద్ధప్రతి, దానికి ఒకే చిరునామా కావాలి. అవి లేకుండా పీడీఎఫ్‌లు పంపుకోవడం పంచుకోవడం కాదు, తప్పులకు నకళ్లు తీయడమే.

అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది ఫాంటు సంగతి. డీటీపీ సెంటర్లు వాడే అను ఫాంట్లలో కొట్టిన పాఠం తెర మీద తెలుగే. లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. అందుకే కాపీ చేసి మరోచోట పెడితే గజిబిజిగా వస్తుంది, గూగుల్లో వెతికితే దొరకదు. చూపు లేని పిల్లల ఫోన్లో తెర మీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ దాన్ని చదవలేదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే అక్షరాల్లోకి, మార్చుకోవచ్చు కానీ వత్తులు, క్రావడి చోటు తప్పుతుంటాయి. మార్చాక ఒకసారి పూర్తిగా చదవాల్సిందే. యూనికోడ్‌లో కొట్టినా, పీడీఎఫ్ నుంచి తిరిగి కాపీ చేస్తే వత్తులు చెదురుతాయి. అక్షరాల వరుసను వదిలేసి పేజీ మీది ఆకారాలను దాచుకోవడం పీడీఎఫ్ స్వభావం. కాబట్టి పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైలు కూడా పెట్టాలి. మండలి, రామభద్ర వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి, డబ్బు అడ్డం కాదు.

చేతిరాత నోట్సు ఫోటోల సంగతి వేరు. మామూలుగా పంపితే వాట్సాప్ వాటిని కుదించేస్తుంది, సన్న అక్షరాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. అయితే ఫోటో 3 ఎంబీ చొప్పున 40 పేజీలకు 120 ఎంబీ అవుతుంది. అదే పాఠం టైపు చేస్తే బొమ్మలు లేనప్పుడు 1 ఎంబీ కూడా దాటదు. అచ్చు పేజీలైతే 300 డీపీఐలో స్కాన్ చేసి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారుతుంది. పట్టికలు, రసాయన సమీకరణాలు మాత్రం చేత్తో మళ్లీ కొట్టుకోవాలి.

దిద్దిన ప్రతిసారీ కొత్త లింకు పంపితే పాత లింకు పట్టుకున్నవాళ్లు పాత తప్పులోనే ఉంటారు. డ్రైవ్‌లో 'మేనేజ్ వెర్షన్స్' ద్వారా కొత్త ఫైలు ఎక్కిస్తే లింకు మారదు. దిద్దే హక్కు ఇద్దరు ముగ్గురికి, వ్యాఖ్య రాసే హక్కు మిగతా అందరికీ ఇవ్వాలి. మొదటి పేజీలో తరగతి, పాఠం, తయారుచేసినవారు, చివరిసారి దిద్దిన తేదీ ఉండాలి. 'ఫైనల్ న్యూ 2' అన్న పేరు చూసి ఏది తాజాదో ఎవరు చెప్పగలరు?

కింద ఒక్క వాక్యం అనుమతి కూడా రాయాలి. క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ అని ఉంటే, పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని అదే షరతుతో పంచాలి. 1957 కాపీరైట్ చట్టం బోధన కోసం టీచర్లకు కొంత వెసులుబాటు ఇచ్చింది. దాన్ని చూపించి అంగట్లో అమ్మే గైడును స్కాన్ చేసి ఊరంతటికీ పెట్టడం కుదరదు.

అయినా గైడు జవాబులు ఎక్కడైనా దొరుకుతాయి. ఇక్కడివాళ్లే తయారుచేయగలిగినవి వేరే ఉన్నాయి. సున్నపురాయిని నీళ్లు ఎలా కరిగిస్తాయో చెప్పడానికి 3,229 మీటర్ల బెలుం గుహలున్నాయి. అశోకుడి పాఠానికి ఆయన శాసనాలు చెక్కిన ఎర్రగుడి బండలు, తెలుగు పుట్టుపూర్వోత్తరాలకు తొలి తెలుగు శాసనాల్లో ఒకటైన రేనాటి చోళుల కలమళ్ళ శాసనం ఉన్నాయి. సొంతంగా తీసిన ఫోటో, తీసిన తేదీ, ఒక పేజీ వివరణ, ఐదు ప్రశ్నలు కలిపితే అది ఏ బడిలోనైనా పనికొచ్చే పాఠం.

ఇవన్నీ ఒక్క టీచరు సొంత ఖాతాలో ఉంచకూడదు. రెండేళ్లు వాడకపోతే గూగుల్ ఆ ఖాతానే తీసేయవచ్చు. ఉమ్మడి ఖాతా ఒకటి తెరిచి, పాస్‌వర్డు కనీసం ఇద్దరి దగ్గర ఉంచి, ఏటా జూన్‌లో బడి తెరిచే ముందు మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఒకసారి దించుకోవాలి.