చంద్రుడికి లేదా సార్, మచ్చ?

కొత్త స్విమ్మింగ్ పూల్ అడుగున బూడిద రంగు మచ్చలు కనిపిస్తే యజమాని కంగారు పడకూడదు. ఇది నా మాట కాదు, మా కాంట్రాక్టర్‌ది. పూల్ అంచున నిలబడి, కళ్లజోడు సవరించుకుని, నీళ్లలోకి చాలాసేపు చూసి, "చంద్రుడికి లేదా సార్, మచ్చ?" అన్నాడాయన. చంద్రుడికి నేను అడ్వాన్స్ ఇవ్వలేదు అనబోయి ఊరుకున్నాను. ఆఖరి బిల్లు కూడా కట్టేశాక యజమాని మాటకు ఉండే విలువ ఎంతో అప్పటికే అర్థమైపోయింది.

మచ్చకు కారణం ఎవరని అడిగి చూడండి. మేస్త్రీ తప్పంతా నీళ్లదే అంటాడు. నీళ్లు పరీక్షించే అతను మేస్త్రీ పనితనం అంటాడు. కాంట్రాక్టర్ సహజం అంటాడు. ఇంతమంది నిర్దోషులు కలిసి ఒక్క మచ్చను పుట్టించగలిగారంటే అది మామూలు విషయం కాదు, గౌరవించాల్సిందే.

నిద్ర మానుకుని చదివిన మీదట నాకు తెలిసింది ఇంతే. తెల్ల సిమెంటు, పాలరాతి పొడి కలిపి పూల్ లోపల పూసే ప్లాస్టర్ త్వరగా గట్టిపడాలని అందులో కాల్షియం క్లోరైడ్ వేస్తారు. అది సిమెంటు బరువులో 2 శాతం దాటితే బూడిద మచ్చలకు దారి తీస్తుంది. గట్టిపడిపోయిన ప్లాస్టర్‌ని తాపీతో ఇంకా రుద్దుతూ కూర్చున్నా నలుపు తేలుతుంది. మా పూల్‌లో మెట్ల పక్కన విసనకర్ర విప్పినట్టు అర్ధచంద్రాకారంలో ఏడెనిమిది గీతలున్నాయి. వాటిని చూస్తే చాలు, మేస్త్రీ ఎక్కడ కూర్చున్నాడో, ఏ చేత్తో రుద్దాడో, ఏ గీత దగ్గర ఫోన్ మోగిందో చెప్పేయొచ్చు. చీకటి పడేలోపు ఇంటికి చేరాలన్న ఆయన తొందర మా పూల్‌లో శాశ్వతంగా నిలిచిపోయింది.

న్యాయంగా చెప్పాలంటే నా వాటా కూడా ఉంది. కొత్త పూల్‌లోకి నీళ్లు వదలడం మొదలుపెడితే నిండేదాకా ఆపకూడదట. మోటారు చప్పుడుకి నిద్ర పట్టక రాత్రి పదకొండింటికి నేనే ఆపేశాను, పొద్దున ఏడింటికి మళ్లీ వేశాను. ఫలితంగా నడుము ఎత్తున పూల్ చుట్టూ ఒక గీత. చుట్టాలొచ్చినప్పుడు దాన్ని 'బోర్డర్' అని పరిచయం చేస్తున్నాను, ఇంతవరకూ ఎవరూ అనుమానించలేదు.

ఇక బాలింతకు ఉన్నట్టే కొత్త ప్లాస్టర్‌కూ పథ్యం ఉంటుంది. మొదటి 28 రోజులూ నీళ్ల కిందే అది గట్టిపడుతూ సున్నం వదులుతుంది, దాంతో నీళ్ల పీహెచ్, అంటే క్షారగుణం ఎంతో చెప్పే అంకె, పెరుగుతూ పోతుంది, తెల్లటి పొడి అడుగున పేరుకుంటుంది. పట్టించుకోకపోతే ఆ పొడే గట్టిపడి ఇసుక కాగితంలా గరుకెక్కుతుంది. అందుకని మొదటి రెండు వారాలు రోజుకు రెండుసార్లు బ్రష్ చేయాలి, యాసిడ్‌తో పీహెచ్‌ని 7.2, 7.6 మధ్య పట్టి ఉంచాలి, ఆ 28 రోజులూ క్లోరిన్ కోసం వేసే ఉప్పు వేయకూడదు, మొదట్లో చక్రాల వాక్యూమ్‌ని లోపలికి దింపనే కూడదు. ఎంత చక్కని సలహాలో చూడండి! ఇవన్నీ మా కాంట్రాక్టర్ నాకు వేలు మడిచి మరీ వివరంగా చెప్పాడు, ఇరవై తొమ్మిదో రోజున.

లోతు వైపు మాత్రం గోధుమ రంగు చుక్క ఒకటి, చిటికెన వేలి గోరంత. విటమిన్ సి మాత్రతో రుద్దితే లోహపు మరక పలచబడుతుందని విని, ఇంట్లో ఎవరికి జలుబు చేసినా బయటికి తీయని మాత్రను దీనికోసం తీశాను. ఊపిరి బిగబట్టి మునిగి రుద్దితే నిజంగానే పలచబడింది. అంటే లోపల కట్టుతీగ ముక్క ఏదో తుప్పు పడుతోంది. పైన ఎంత రుద్దినా అది మళ్లీ వస్తుంది, అక్కడ చెక్కి, తీగ తీసి, మాటు వేయాల్సిందే. మాటు రంగు కలుస్తుందా అని అడిగాను. కలవదట. అది కూడా సహజమేనట.

పోనీ మొత్తం యాసిడ్‌తో కడిగించేద్దామా అన్నాడు కాంట్రాక్టర్. ఆ కడుగుడుకి మురికితో పాటు ప్లాస్టర్ పైపొర కూడా పోతుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం నాకు ఇష్టం లేక వద్దన్నాను. ఆరు నెలలాగితే కొన్ని మచ్చలు వాటంతటవే సర్దుకుంటాయన్నాడు. కొన్నిటి విషయంలో అది నిజమే కూడా, కానీ ఆయన నోటి నుంచి రావడం వల్ల నమ్మబుద్ధి కాలేదు.

ఈలోగా నేను కనిపెట్టిన పరిష్కారం ఒకటుంది, ఖర్చు లేనిది. నీళ్లు కదులుతుంటే మచ్చలు కనపడవు. కాబట్టి ఎవరైనా వస్తున్నారని తెలియగానే ఇంటిల్లిపాదీ వంతులవారీగా అంచున కూర్చుని కాళ్లాడిస్తున్నాం. మా ఆవిడ వంతు దాటవేస్తోంది. మొన్న అలా ఆమె లేచి వెళ్లిన రెండు నిమిషాల్లో నీళ్లు నిలకడ పట్టేసరికి, మా మేనల్లుడు వంగి చూసి "మామయ్యా, కింద ఏనుగు!" అని అరిచాడు. చూస్తే నిజమే, తొండంతో సహా ఉంది. కాంట్రాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పాను.

"డిజైన్‌కి విడిగా ఏం తీసుకోలేదు కదా సార్," అన్నాడు.