తాకట్టులో ఉన్నది ఆర్కే బీచ్ కాదు

గాజువాకలో ఉండే మా పిన్ని మొన్న ఫోన్ చేసి, "ఇది నిజమేనేట్రా?" అని అడిగింది. ఆవిడకి వచ్చిన వాట్సాప్ మెసేజ్ అప్పటికే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు తిరిగింది. దాని సారాంశం ఇది: "పచ్చదనం, పర్యావరణం అని చెప్పి విశాఖను ప్రపంచ బ్యాంకుకు, బాండ్లు కొన్న కంపెనీలకు తాకట్టు పెట్టేశారు. అప్పు తీర్చకపోతే బీచ్ కూడా మనది కాదు. ఈ అప్పుల కోసమే ఇంటి పన్ను పెంచారు. ప్రైవేటువాళ్లు రూపాయి పెట్టి మన దగ్గర రెండు లాగుతారు. ఇవన్నీ ప్రభుత్వమే తన డబ్బుతో ఉచితంగా కట్టాలి."

పిన్నికి ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు తాకట్టు సంగతి. 2018 డిసెంబరులో మన నగరపాలక సంస్థ జీవీఎంసీ బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్ ద్వారా 80 కోట్ల రూపాయల మున్సిపల్ బాండ్లు, అంటే వడ్డీతో తిరిగి చెల్లిస్తామనే అప్పు పత్రాలు, అమ్మింది. నీళ్లు, మురుగునీటి పనుల కోసం తెచ్చిన డబ్బు అది. ఇలాంటి బాండ్లకు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015లో నిబంధనలు పెట్టింది. కార్పొరేషన్‌కు వచ్చే ఆదాయాన్ని ఎస్క్రో అనే ప్రత్యేక ఖాతాలో వేస్తారు, అందులోంచి ముందు బాండ్లు కొన్నవారి వాయిదా పక్కన పెడతారు, మిగిలింది కార్పొరేషన్ వాడుకుంటుంది. జీతం పడగానే బ్యాంకు ఈఎంఐ కోసుకున్నట్టే. కాబట్టి హామీగా ఉన్నది రాబడి. సముద్ర తీరం కార్పొరేషన్ అమ్ముకునే ఆస్తి కాదు, బాండు కొన్నవాడు దాన్ని జప్తు చేసుకోలేడు.

అయితే ఈ భయం ఊరికే పుట్టిందని నేను అనను. 2021లో రాష్ట్ర ప్రభుత్వం తన అప్పుల కోసం విశాఖలోని ప్రభుత్వ భూములను, భవనాలను తనఖా పెట్టిందన్న వార్తలు అందరం చదివాం. ఆ కోపం న్యాయమైనదే. కానీ అది రాష్ట్రం చేసిన అప్పు, ఆ డబ్బు మన పైపులైన్ల కోసం తెచ్చిందీ కాదు. ఆ రెంటినీ కలిపేస్తే అసలు అడగాల్సిన ప్రశ్న పక్కకు పోతుంది.

ఆ అసలు ప్రశ్న వడ్డీ గురించి. మన బాండ్లకు వడ్డీ 10 శాతం. 2017లో పుణె 7.59 శాతానికి తెచ్చుకుంది. 2018 ఫిబ్రవరిలో హైదరాబాద్ 8.9 శాతానికి తెచ్చుకుంది. మనం బాండ్లు అమ్మింది ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ కంపెనీ కుప్పకూలి అప్పుల మార్కెట్ మొత్తం టెన్షన్‌లో ఉన్న నెలల్లో. సమయం అలాంటిదని ఒప్పుకున్నా తేడా చిన్నది కాదు. 80 కోట్ల మీద 10 శాతమంటే మొదటి ఏడాదికి 8 కోట్లు. బాండ్లు తెచ్చిన నగరాలకు కేంద్రం ప్రతి 100 కోట్లకు 13 కోట్ల లెక్కన ప్రోత్సాహకం ఇచ్చింది, ఆ లెక్కన మన వాటా 10 కోట్ల 40 లక్షలు. ఏడాది వడ్డీకి సరిపోయి కొంచెం మిగిలే మొత్తం. తర్వాతి ఏళ్ల వడ్డీ మన పన్నుల్లోంచే వెళ్లాలి. బీచ్ పోతుందని భయపెట్టిన మెసేజ్‌లో ఈ లెక్క ఒక్కటీ లేదు. నాకు బాధ కలిగించింది అదే.

"ప్రపంచ బ్యాంకు అప్పు విశాఖ మెడకు చుట్టుకుంది" అన్నది రెండో మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. గంటకు 180 కిలోమీటర్ల గాలికి స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ల లారీ ఎప్పుడొస్తుందా అని బిందెలు పట్టుకుని నిలబడ్డాం. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్లు ఇచ్చిన విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులోంచే నగరంలో భూగర్భ విద్యుత్ కేబుళ్లు వేశారు. ఆ అప్పు తీసుకున్నది కేంద్రం, వాడుకున్నది రాష్ట్రం. జీవీఎంసీ ఖాతాలోంచి దాని వాయిదాలు పోవు. రాష్ట్ర ప్రజలందరిలాగే మనమూ దాన్ని మోస్తాం, నిజమే. కానీ తీగ భూమిలో ఉంటే గాలికి తెగదు. ఆసుపత్రి, నీటి పంపు, సెల్ టవర్ తుపాను మర్నాడు కూడా పనిచేయాలంటే ఆ ఖర్చు పెట్టక తప్పదు.

ప్రపంచ బ్యాంకు బృందంలోనే, ప్రభుత్వ హామీ లేకుండా అప్పులిచ్చే ఐఎఫ్‌సీ అని ఇంకో సంస్థ ఉంది. మెసేజ్ రాసినవారు రెండింటినీ ఒకటే చేశారు. మధురవాడ మురుగునీటి వ్యవస్థ కోసం జీవీఎంసీకి సుమారు 500 కోట్ల రుణం ఇస్తామన్నది ఐఎఫ్‌సీ. ఇది నేరుగా కార్పొరేషన్ తీర్చాల్సిన అప్పు. దీని గురించి చివర్లో చెప్తాను, జాగ్రత్తగా చూడాల్సింది దీన్నే.

ఇంటి పన్ను విషయంలో మెసేజ్ పూర్తిగా తప్పు. 2020 నవంబరులో రాష్ట్రం చట్టం మార్చి, అద్దె విలువ మీద వేసే పన్నును ఆస్తి మూలధన విలువ (స్థలం, కట్టడం విలువ) మీదకు మార్చింది, ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టింది. ఇది విశాఖ ఒక్కదానికే కాదు, రాష్ట్రంలోని పట్టణాలన్నిటికీ వర్తించింది. కోవిడ్ ఏడాదిలో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే పట్టణ సంస్కరణలు చేయాలని కేంద్రం షరతు పెట్టింది, ఆస్తి పన్ను మార్పు వాటిలో ఒకటి. బాండ్లు అమ్మనే అమ్మని ఊళ్లలోనూ పన్ను పెరిగింది కదా. పన్ను మీద కోపం ఉంటే ఆ చట్టం మీద చూపించాలి.

ఇక "ప్రైవేటు రూపాయికి మన రెండు రూపాయలు". ఈ మాటను కొట్టిపారేయలేం. 10 శాతం వడ్డీకి పదేళ్లు అసలు ముట్టుకోకుండా ఉంచితే వడ్డీ అసలుతో సమానమవుతుంది, అంటే రూపాయికి రెండు. కానీ ఆ రూపాయి పెట్టకపోతే ఎంత పోతోందో కూడా లెక్కలో ఉండాలి. హుద్‌హుద్ తర్వాత నగరంలో 90 వేలకు పైగా వీధిదీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. ముందు పెట్టుబడి ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ పెట్టింది, కరెంటు బిల్లులో మిగిలిన డబ్బుతో కార్పొరేషన్ వాయిదాలు కట్టింది. పాత దీపాలే ఉంచితే ఆ డబ్బు బిల్లు రూపంలో ఎలాగూ పోయేది.

ఇందోర్ ఇంకా దూరం వెళ్లింది. నర్మద నీళ్లను నగరానికి ఎత్తిపోసే కరెంటు ఖర్చు మోయలేక, 2023 ఫిబ్రవరిలో 244 కోట్ల గ్రీన్ బాండ్లను (పర్యావరణ పనులకే వాడాల్సిన బాండ్లు) 8.25 శాతానికి అమ్మింది. వాటిని మామూలు జనం కూడా కొనుక్కోగలిగారు. ఆ డబ్బు జలూద్ దగ్గర 60 మెగావాట్ల సోలార్ ప్లాంటు కోసం. మనకూ ఏలేరు, రైవాడ జలాశయాల నుంచి నీళ్లు రావాలి, పంపులు తిరగాలి, బిల్లు కట్టాలి. ముడసర్లోవ రిజర్వాయరు మీద 2018లో 2 మెగావాట్ల తేలే సోలార్ పలకలు పెట్టారు. మంచి పనే, కానీ అక్కడితో ఆగిపోకూడదు. ఇందోర్‌ను చూసి మనం అడగాల్సింది "ఇంకా ఎందుకు చేయలేదు?" అని.

ఎలక్ట్రిక్ బస్సుల ఒప్పందాల్లో ప్రైవేటు ఆపరేటరు బస్సు కొని నడుపుతాడు, కిలోమీటరుకు ఇంత అని తీసుకుంటాడు. రేటు ఎంత, బస్సు ఆగిపోతే కోత ఎంత అన్నవే ముఖ్యం. కాపులుప్పాడలో చెత్త కాల్చి కరెంటు తీసే 15 మెగావాట్ల ప్లాంటు విషయంలోనూ అంతే. తడి చెత్త, పొడి చెత్త మన ఇంట్లో విడదీయకపోతే ఆ మంట మీద నీళ్లు పోసినట్టే.

అన్నీ ప్రభుత్వమే ఉచితంగా కట్టాలన్న మాటలో సగం నాకు ఇష్టమే. 2021 నుంచి 15 ఏళ్లలో మన దేశపు నగరాలకు 84 వేల కోట్ల డాలర్లు కావాలని ప్రపంచ బ్యాంకు 2022లో అంచనా వేసింది. నగరాల నిర్మాణాల్లో ప్రైవేటు డబ్బు 5 శాతమే. మిగతాదంతా ఇప్పటికీ ప్రభుత్వాలే పెడుతున్నాయి, అది కూడా మన పన్నే. అందుకే ఆ డబ్బును ఎక్కడ పెట్టాలో ఎంచుకోవాలి. సోలారుకు రాబడి ఉంది, బస్సుకు టికెట్ ఉంది. ఎర్రిగెడ్డ అనే వాన నీటి కాలువకు ఏముంది? వాన పడితే జ్ఞానాపురం ఇళ్లలోకి నీళ్లొస్తాయి. ఆ గెడ్డ పూడిక తీసి, గట్టు కట్టి, ఆక్రమణలు ఆపితే ఎవరికీ లాభం రాదు, వాడుక రుసుము వేయడానికీ లేదు. ఆర్కే బీచ్‌లో కోసుకుపోతున్న ఇసుకకు మళ్లీ ఇసుక పోయడమూ అంతే. అక్కడికి ఏ పెట్టుబడిదారుడూ రాడు. ప్రభుత్వ డబ్బు మొదట వెళ్లాల్సింది అక్కడికి. రాబడి ఉన్న పనులకు బయటి డబ్బు తెస్తేనే గెడ్డలకు బడ్జెట్ మిగులుతుంది.

మధురవాడ మురుగు పని రాబడి ఉన్న పనులకూ, లేని పనులకూ మధ్యలో ఉంది. అపార్ట్‌మెంట్లు లేచాయి గానీ కింద డ్రైనేజీ రాలేదు, సెప్టిక్ ట్యాంకులు పొంగి గెడ్డల్లోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోతోంది. పైపులు వేసి శుద్ధి చేస్తే ఆ నీటిని ఫ్యాక్టరీలకు అమ్మొచ్చు, ఆ మేరకు ఏలేరు నీళ్లు మన కుళాయిలకు మిగులుతాయి. అది జరగాలంటే ప్రతి ఇంటినీ ఆ పైపుకు కలపాలి. ప్లాంటు కట్టేసి ఇళ్లు కలపకపోతే శుద్ధి చేయడానికి మురుగు రాదు, అమ్మడానికి నీళ్లుండవు, 500 కోట్ల మీద వడ్డీ మాత్రం నడుస్తూ ఉంటుంది. మన కార్పొరేటరును అడగాల్సింది ఇదే: ఈ నెల మన వార్డులో ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఇచ్చారు?