ముందే ఇల్లు అమ్మితే ఎట్లా
రిటైర్ అయినాక ఇల్లు అమ్మేసి ఆ డబ్బుతో క్యాంపర్ వ్యాను, అంటే లోపలే పడుకొని వండుకునే బండి, కొని ఒంటరిగా తిరగండి అని ఒకరు రాసినారు, తిరగడం వరకు ఓకే గానీ ముందే ఇల్లు అమ్మడం మాత్రం నేను ఒప్పుకోను. మాది కడప, పోయిన ఏప్రిల్‌లో ఒక వ్యాను బాడుగకు తీసుకొని గండికోట కాడ నాలుగు రోజులు ఉన్నా, పొద్దున్నే ఆ పెన్న లోయ చూస్తే ఇంటికి పోబుద్ధి కాలా, పదకొండు దాటేసరికి మాత్రం బండి రేకు కాలి ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే ఉండె. ఏసీ పెట్టుకోవచ్చు కదా అంటారు, వ్యానులో పెట్టే 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేదే మొత్తం 1.2 యూనిట్ల కరెంటు, ఒకటిన్నర టన్ను ఏసీ ఫుల్లుగా ఆడితే గంట కూడా రాదు, అదే కరెంటు తక్కువ తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను అయితే రాత్రంతా తిరుగుతుంది. నీళ్లది ఇంకో కథ, 100 లీటర్ల ట్యాంకు నా ఒక్కనికే రెండున్నర రోజులు వచ్చింది, అదీ చెంబుతో పోసుకుంటే. పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ అంటే ఫోన్‌లో ముఖం చూపించి ఇచ్చేయొచ్చు, మరి ఆధార్‌కి, బండి ఆర్సీకి, ఇన్సూరెన్స్‌కి ఒక అడ్రస్ కావాల్నా వద్దా? నేనైతే ఇల్లు బాడుగకిచ్చి ఒక గది సామాన్లకు ఉంచుకొని చలికాలం మూడు నెలలు తిరిగి చూస్తా. రోజూ రాత్రి యాడ ఆపినానో లొకేషన్ పంపాలంట, మా పాప అప్పుడే షరతు పెట్టేసింది.