క్రమశిక్షణ గల కొంగలు

శనివారం రాత్రి పదింటికి మేష్టారు చెరువులోకి దిగారు. అంటే కంప్యూటర్లోనే లెండి. భీమవరంలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, గాలం పట్టుకున్నది మాత్రం ఈ మధ్యనే. ఈ వయసులో గట్టు గట్టూ తిరిగి చోటు వెతుక్కోవడం తెలివితక్కువ పని అని ఆయన అభిప్రాయం.

ఆ అభిప్రాయం ఒక వీడియో వల్ల వచ్చింది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం వాళ్లు తమ సరస్సుల్ని కొలిచి, లోతుల్ని గీతలతో చూపించే పటాలు అందరికీ అందుబాటులో పెట్టారు. ఒక గీత వెంబడి ఎక్కడైనా లోతు ఒకటే. గీతలు ఎడంగా ఉంటే అడుగు మెల్లగా దిగుతుంది, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే అక్కడ ఒక్కసారిగా జారుతుంది. గాలం వేసేవాళ్లు వెతికేది ఆ జారుడు అంచునే. మేష్టారికి గోదావరి డెల్టాలోనూ అలాంటి గీతలు కావాలనిపించింది. ఇక్కడ లోతు తెలిసింది పడవ నడిపేవాడి వెదురు గెడకి. దాన్ని ఇంటర్నెట్‌లో ఎవరూ పెట్టలేదు.

అందుకని గూగుల్ ఎర్త్ ప్రో తెరిచారు. నీళ్ల మీద మౌసు పెడితే కింది పట్టీలో ఎత్తు మైనస్ 2 మీటర్లని వచ్చింది. మైనస్ అంటే కిందకి, కిందకి అంటే లోతు, కాబట్టి ఆరున్నర అడుగులు. పరీక్షలో అయితే పూర్తి మార్కులు పడే తర్కం. కాకపోతే ఆ అంకె చెప్పేది సముద్రమట్టంతో పోల్చిన ఎత్తు. పైనుంచి కొలిచే రాడారు నీటి ఉపరితలాన్ని తాకి వెనక్కి పోతుంది, అడుగు దాకా దిగదు. డెల్టాలో ఈ చివరి పొలాలు అసలే సముద్రానికి మీటరో రెండు మీటర్లో ఎత్తున ఉంటాయి. కొలతలో కాస్త తేడా వస్తే ఊళ్లకు ఊళ్లే మునిగినట్టు చూపిస్తుంది. మేష్టారు మౌసు ఇంకొంచెం పక్కకు జరిపి ఉంటే రామాలయం కూడా ఆరున్నర అడుగుల లోతున దొరికేది.

చోటుకు పేరు లేదు. నాలుగు మూలలూ ఉన్నాయి. డెల్టాలో నాలుగు మూలలున్న నీటికి తప్పకుండా ఒక ఓనరుంటాడు, ఆ ఓనరుకో కాపలావాడుంటాడు. పైనున్న గడియారం బొమ్మ నొక్కి వెనకటి ఏళ్ల ఫోటోలు చూస్తే ఇంకా తేలిగ్గా తేలిపోతుంది: ఒకనాడు వరిచేనుగా ఉండి, తరవాత గట్లు లేచి నీళ్లు నిండితే అది చెరువు కాదు, వ్యాపారం. మేష్టారు గడియారం జోలికి పోలేదు. ఆయన చూపు తెల్లచుక్కల మీద పడింది. నీళ్ల మీద వరసగా పన్నెండు.

"కొంగలు!" అన్నారు. కొంగలున్నచోట చేపలుంటాయి, అది చిన్నపిల్లాడికీ తెలుసు.

అక్కడితో ఆగక రూలర్ తీసి కొలిచారు. చుక్కకీ చుక్కకీ అటూ ఇటూగా ఒకే దూరం. ఇంకెవరైనా అయితే అనుమానపడేవారు. ముప్ఫై ఏళ్లు పిల్లల్ని వరసలో నిలబెట్టిన మనిషికి మాత్రం ముచ్చటేసింది.

వెంటనే పాలకొల్లులో ఉన్న బావమరిదికి ఫోను. గాలం కర్రలూ, బెండ్లూ, సీసం గుళ్లూ మేష్టారు తెస్తారు. ఎర్రలు తేవడం బావమరిది వంతు.

"రాసుకో. పదహారు పాయింట్ నాలుగు అయిదు ఒకటి రెండు. ఎనభై ఒకటి పాయింట్ నాలుగు అయిదు మూడు ఎనిమిది."

"రాశానండి బావగారూ."

రాసింది ఇలా: 16, 45, 12. 81, 45, 38. ఎప్పుడో బళ్లో డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు నేర్చుకున్నవాడు, పద్ధతిగానే రాశాడు. మేష్టారేమో అరవైల లెక్క చిరాకని టూల్స్‌లో ఆప్షన్స్‌కి వెళ్లి, త్రీడీ వ్యూలో డెసిమల్ డిగ్రీస్ పెట్టుకుని ఉన్నారు. 16.4512 డిగ్రీలంటే 16 డిగ్రీల 27 నిమిషాల 4 సెకన్లు. చుక్క తరవాతి అంకెల్ని అరవైతో హెచ్చించాలి గానీ జంటలుగా విడగొట్టకూడదు. నిమిషాలూ సెకన్లూ అన్నీ అరవై లోపే ఉండటంతో, వాటిని కొట్టి చూసిన ఫోను మ్యాపు నోరెత్తలేదు. కొల్లేరుకు పిలిచి పదహారు పాయింట్ అరవై అయిదు అని ఉంటే, 65 నిమిషాలేంటని మొరాయించి బండారం అప్పుడే బయటపెట్టేది. ఒక నిమిషం అక్షాంశం దాదాపు 1.85 కిలోమీటర్లు. ఉత్తరానికి 18 నిమిషాలు, తూర్పుకు 18 నిమిషాలు. మొత్తం మీద కాకి ఎగిరినా 46 కిలోమీటర్ల పైనే తేడా.

ఆదివారం తెల్లవారుజామున బావమరిది బండి పెరవలి దాపుల ఒక అరటితోటలో ఆగింది.

"వచ్చేశానండి. మీరెక్కడ?"

"గట్టు మీదే. నీళ్లు కనపడట్లేదా?"

"బోదెలో ఉన్నాయండి, చీలమండ దాకా. కొంగలు లేవు గానీ గెలలున్నాయి. ఎర్రలకైతే ఇంతకంటే మంచి చోటుండదండి బావగారూ, పారతో తిప్పితే గుప్పెడు!"

ఇక్కడ ఎర్రల్లేవు, కర్రలున్నాయి. అక్కడ కర్రల్లేవు, ఎర్రలకు లోటు లేదు. మేష్టారు ఇంకా దీన్ని జీర్ణించుకోకముందే టార్చిలైటు ముఖాన పడింది, వెనకే కుక్క.

"ఎవరండీ మీరు? ఎవరి తాలూకండి?"

మేష్టారు వివరించారు. పటం, లోతు, కొంగలు.

"ఆయ్, కొంగలెక్కడివండి బాబూ! అవి వాలకుండానే కదండీ పైన దారాలు లాగాం. అయ్యి ఏరియేటర్లండి."

సరిగ్గా అప్పుడే కరెంటొచ్చి పన్నెండు ఏరియేటర్లూ ఒక్కసారి తిరిగాయి. పన్నెండు తెల్లటి నురగ పువ్వులు. రొయ్యకు ఊపిరాడాలంటే నీళ్లను అలా చిలకాలి, ముఖ్యంగా తెల్లారేలోపు, నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గే వేళ.

"చేపల్లేవాండి?"

"వనామి రొయ్యండి. గాలం దించొద్దండి, బయట తడిసిన సామాను తగిలితే రొయ్యకి తెల్లమచ్చ రోగం అంటుకుద్దని ఓనరుగారు మమ్మల్నే కాళ్లు కడుక్కుని దిగమంటారు."

"పోనీ, లోతెంతండి?"

"ఏ మూల చూసినా నాలుగున్నర అడుగులేనండి. మిషన్‌తో చదును చేయించాం."

జారుడు అంచు ఆశ కూడా అలా చదునైపోయింది.

మేష్టారి ముఖం చూసి కాపలావాడికి జాలేసింది. గట్టుకు అవతలి వైపు చూపించాడు. అక్కడ మురుగు కాలువ, ఒడ్డు నుంచి ఒడ్డుకు గుర్రపు డెక్క. కంప్యూటర్లో అది పచ్చటి పట్టీలా కనిపిస్తే రోడ్డు పక్క గడ్డి అనుకుని మేష్టారు రాత్రే కొట్టేశారు. ఆ డెక్క మధ్యలో మంచమంత ఖాళీ. దాని ఎదురుగా కాపలావాడి కొడుకు, పదేళ్లుంటాయేమో, వెదురుపుల్లకి దారం కట్టి కూర్చున్నాడు. పక్కనున్న డబ్బాలో అప్పటికే అరచెయ్యంత గొరకలు నాలుగు కొట్టుకుంటున్నాయి. డెక్క నీడన చల్లగా ఉంటుంది, వేళ్లలో పురుగూ పుట్రా దొరుకుతాయి. చేప ఆ నీడలో దాక్కుని, అంచు దగ్గరకొచ్చి తింటుంది. వాడు వెతుక్కున్న అంచు అదీ.

మేష్టారికి ప్రాణం లేచొచ్చింది. ఫోను తీసి, వచ్చే ఆదివారానికి పనికొస్తుందని, ఆ ఖాళీకి ఎదురుగా కాలు కదపకుండా నిలబడి చోటు గుర్తు పెట్టడం మొదలుపెట్టారు. ఈసారి చుక్క తరవాత అయిదు అంకెలు. అయిదో అంకె మీటరు దాకా తేల్చి చెబుతుంది.

"ఏం చేస్తున్నారండి?" అన్నాడు కాపలావాడు.

"ఈ ఖాళీని సేవ్ చేస్తున్నాను."

పైరగాలి తిరిగింది. డెక్క మెల్లగా కదిలింది, ఖాళీ కూడా దానితోపాటు బయల్దేరింది. పిల్లవాడు తలెత్తకుండానే డబ్బా తీసుకుని, నాలుగు బారలు అవతలికి జరిగి కూర్చున్నాడు.