రాడ్ చిప్ప పైనుంచా, కిందినుంచా?

మా మేనత్త కొడుకు బెంగళూరులో మారతహళ్లి దగ్గర బైక్ మీంచి పడి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. అనంతపురంలో రాత్రి బస్సెక్కిన మామయ్య తెల్లారేసరికి ఆస్పత్రిలో ఉన్నాడు. "ఎముక లోపల రాడ్ వేయాలి. మోకాలి చిప్ప పైనుంచి వేసే కొత్త పద్ధతి ఉంది, ఖర్చు కాస్త ఎక్కువ" అన్నారు డాక్టరు. మామయ్య అడిగింది ఒక్కటే: "వీడు కింద బాసింపట్టు వేసుకుని అన్నం తినగలడా సార్?"

అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది: ఎముక ఎక్కడ విరిగింది?

పాత పద్ధతిలో మోకాలిని 90 డిగ్రీలు దాటి మడుస్తారు. చిప్ప కిందున్న పట్టీలాంటి స్నాయువును చీల్చి గానీ, పక్కకు జరిపి గానీ, ఎముక పైఅంచున రంధ్రం చేసి రాడ్ దించుతారు. విరుగు నడిమధ్యలో ఉంటే ఇది చక్కగా సాగిపోతుంది. మోకాలికి దగ్గరగా ఉంటేనే తంటా. మోకాలు మడిచేకొద్దీ తొడ కండరం చిప్పను, చిప్ప ద్వారా పైముక్కను లాగుతుంది. ముక్క ముందుకు లేస్తుంది, ఎముక వంకరగా అతుక్కుంటుంది. దీనికి విరుగుడుగానే 1996లో అమెరికాలో టోర్నెటా, కాలిన్స్ అనే సర్జన్లు మోకాలిని దాదాపు చాచి, 15 డిగ్రీలే వంచి రాడ్ వేసే తీరును వివరించారు. చిప్ప పైన చిన్న గాటు పెట్టి, చిప్ప వెనకనుంచి గొట్టం దూర్చి, అందులోంచి రాడ్ పంపే నేటి పద్ధతి దాని కొనసాగింపే. కాలు కదలకుండా బల్లమీదే ఉంటుంది కాబట్టి ఆపరేషన్‌లో ఎక్స్‌రే చూపే సీ-ఆర్మ్ యంత్రాన్ని తిప్పుకోవడం తేలిక, ఎక్స్‌రే కిరణాలు పడే సమయమూ తక్కువ. మడిచిన కాలిని గంటసేపు పట్టుకు నిలబడే జూనియర్ డాక్టర్లకూ ఇది వరమే!

అందుకని పైభాగపు విరుగుకు చిప్ప పైదారే మేలని నా అభిప్రాయం. నడిమి విరుగుకు మాత్రం అదనపు డబ్బు అడిగితే కారణం చెప్పమనాలి. ఈ మోకాలి కింది ఎముకకు (టిబియాకు) రాడ్ వేయించుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి మోకాలి ముందు నొప్పి వస్తుందని పాత సమీక్షలు చెప్పాయి. పైదారిలో ఆ నొప్పి తగ్గిందని కొన్ని అధ్యయనాలు, తేడా లేదని మరికొన్ని అంటున్నాయి. రాడ్ కీలులోంచే పోతుంది కనుక చిప్ప వెనక మృదులాస్థి గీసుకుపోతుందేమోనన్న అనుమానం ఉంది. గొట్టం ఉన్నది దానికి అడ్డుగానే.

మనవాళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది. ఇక్కడ ఆపరేషన్ చేయించుకుని ఊరెళ్లినవాళ్లు, ఏడాదిన్నర, రెండేళ్లకు రాడ్ తీయించుకునేది కదిరిలోనో మదనపల్లెలోనో. పైనుంచి వేసిన రాడ్‌నైనా సాధారణంగా చిప్ప కిందినుంచే తీస్తారు. పైదారిలో "కింద గాటు ఉండదు" అన్న మాట అప్పటిదాకే.

మావాడి ఎక్స్‌రేలో విరుగు సరిగ్గా మధ్యలో ఉంది. గట్టిగా అడిగితే డాక్టరు నవ్వి, "వీడికి ఎటైనా ఒకటే" అని కిందినుంచే వేశారు. ఇప్పుడు కింద కూర్చునే తింటున్నాడు. బైక్ చైన్ చూసుకోవడానికి మోకాలు నేలకు ఆనించాలంటే మాత్రం గోనెసంచి నాలుగు మడతలు వేసుకుంటాడు.